నడిమి చోటు సర్వనామానిది

ఇంగ్లీషులో ‘సీ త్రూ హిమ్’ అంటే వాడి వేషం పసిగట్టడం. ‘సీ హిమ్ త్రూ’ అంటే అతన్ని కష్టంలోంచి గట్టెక్కించడం. రెండు చోట్లా మాటలు అవే మూడు. సర్వనామం ఒక్కటే చోటు మారింది, దాంతో అనుమానం కాస్తా ఆదరణ అయింది. ‘గెట్ ఓవర్ ఇట్’ అంటే తగిలిన దెబ్బ నుంచి తేరుకోవడం. ‘గెట్ ఇట్ ఓవర్ విత్’ అంటే తప్పని పనిని త్వరగా ముగించి వదిలించుకోవడం. ఇలాంటి జంటలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి.

మన పోటీ పరీక్షల పుస్తకాల్లో, స్పోకెన్ ఇంగ్లీషు గైడ్లలో ఫ్రేజల్ వెర్బులు, అంటే చిన్న మాట తోడైన క్రియలు, ఎక్కువగా పట్టికల రూపంలోనే కనిపిస్తాయి. ఒక పక్క ‘పుట్ ఆఫ్’, ఎదురుగా ‘వాయిదా వేయు’. పట్టిక బట్టీపట్టిన విద్యార్థికి అర్థం వస్తుంది. తీరా ‘దాన్ని వాయిదా వేయండి’ అనాల్సి వచ్చినప్పుడు ఆ ‘దాన్ని’ ఎక్కడ పెట్టాలో తెలియదు. ఈ మాటల జతలను పండితులు రెండున్నర శతాబ్దాలకు పైగా చూస్తూనే ఉన్నారు. వాళ్లు తేల్చినవాటినీ, తెలుగువాళ్లకు మాత్రమే ఎదురయ్యే కొన్ని చిక్కులనూ పక్కపక్కన పెట్టి చూశాక నాకు కుదిరిన నమ్మకం ఇది: ఈ వ్యవస్థలోకి క్రియ వైపు నుంచి కాదు, సర్వనామం వైపు నుంచి అడుగుపెట్టాలి.

ఎందుకో చూద్దాం. ‘రాన్ అప్ ది హిల్’, ‘రాన్ అప్ ది బిల్’. మొదటిది కొండెక్కడం, రెండోది బిల్లు పెంచుకుంటూ పోవడం. చూపుకి రెండింటి నిర్మాణం ఒకటే. కొండ, బిల్లు అనే నామవాచకాలను తీసేసి ‘ఇట్’ పెడితే అసలు సంగతి బయటపడుతుంది. కొండయితే ‘రాన్ అప్ ఇట్’, బిల్లయితే ‘రాన్ ఇట్ అప్’. మొదటి ‘అప్’ ప్రిపోజిషన్. దాని సంబంధం తన వెనకాల వచ్చే నామంతో. రెండో ‘అప్’ సంబంధం క్రియతో. దీన్ని పార్టికల్ అంటారు. పార్టికల్ ఉన్న వాక్యంలో నామవాచకానికి రెండు చోట్లూ చెల్లుతాయి: ‘టర్న్ ఆఫ్ ది ఫ్యాన్’ అన్నా సరే, ‘టర్న్ ది ఫ్యాన్ ఆఫ్’ అన్నా సరే. సర్వనామానికి ఆ స్వేచ్ఛ లేదు. ‘టర్న్ ఇట్ ఆఫ్’ ఒక్కటే. ప్రిపోజిషన్ అయితే అటూ ఇటూ జరగడమే ఉండదు. ‘లుక్ ఎట్ ది ఫ్యాన్’ ఎలాగో ‘లుక్ ఎట్ ఇట్’ కూడా అలాగే.

చెవి కూడా ఈ తేడాను పట్టుకుంటుంది. ‘లుక్ ఎట్ ఇట్’లో ‘ఎట్’ తేలిపోతుంది. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో ఊనిక ‘ఆఫ్’ మీద పడుతుంది. ‘పిక్ ఇట్ అప్’ అన్నది మాట్లాడేటప్పుడు ‘పికిటప్’ అని ఒకే మాటలా వినిపిస్తుంది. సినిమాల్లో, ఫోన్లలో వేగంగా మాట్లాడే ఇంగ్లీషు విని అర్థంకాక తికమకపడేవాళ్లకు చాలాసార్లు అడ్డుపడేది కొత్త పదం కాదు, ఇలా నడుమ నలిగిపోయిన సర్వనామం.

ఈ మాటల జతలు పరాయివాళ్లను ఇబ్బందిపెడతాయని గట్టిగా చెప్పిన తొలి పెద్దల్లో శామ్యూల్ జాన్సన్ ఒకడు. 1755లో వెలువడిన తన నిఘంటువు పీఠికలో, క్రియ వెనక చిన్న మాట చేర్చి అర్థం మార్చే పద్ధతి ఇంగ్లీషులో మరీ ఎక్కువనీ, విదేశీయులకు అన్నిటికంటే కష్టమైనది ఇదేననీ, అందుకే వాటిని శ్రద్ధగా నమోదు చేశాననీ రాశాడు. ఆర్థర్ కెనడీ 1920లో వీటి మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం ప్రచురించాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’లో వాడుకలోకి తెచ్చాడు, ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పుకున్నాడు. వీళ్లందరి దృష్టీ ముఖ్యంగా అర్థం మీదే. సర్వనామం చోటు సిద్ధాంత చర్చలో ప్రముఖంగా నిలిచింది 1957లో, నోమ్ చామ్‌స్కీ ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’తో. నామవాచకం ఉంటే పార్టికల్ జరగడం ఐచ్ఛికం, సర్వనామం ఉంటే తప్పనిసరి అని ఆయన ఒక పరివర్తన సూత్రం రాశాడు. నియమం తేలింది. ఆ తప్పనిసరి ఎందుకో ఆ సూత్రం చెప్పలేదు.

ఆ ‘ఎందుకు’ వెంట పడినవాళ్ల కృషి నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. జర్మన్ పండితుడు ఒట్టో బెహాగెల్ 1909లోనే ఒక సాధారణ ప్రవృత్తిని గమనించాడు: వాక్యంలో పొట్టివి ముందుకు, పొడుగువి వెనక్కు వెళ్తాయి. సర్వనామం కంటే పొట్టిది ఏముంటుంది? డ్వైట్ బోలింజర్ 1971లో ప్రచురించిన తన పుస్తకంలో ఊనికకూ వార్తకూ ముడిపెట్టాడు. ఇంగ్లీషు వాక్యంలో చివరి స్థానం కొత్త సమాచారానిది. సర్వనామం తెలిసిన విషయాన్నే తిరిగి చెబుతుంది కాబట్టి చివర నిలబడే బరువు దానికి లేదు. ఈ వివరణ బలం మినహాయింపుల్లో తెలుస్తుంది. నన్ను కాదు, అతన్ని లోపలికి తీసుకురండి అని వేలుపెట్టి చూపిస్తూ ‘హిమ్’ను ఒత్తి పలికితే, ‘బ్రింగ్ ఇన్ హిమ్’ అన్నది కూడా నిలుస్తుంది. ‘లెట్ ఇన్ ఎవ్రీవన్’ అనడానికి ఏ ఒత్తూ అవసరం లేదు, ఎందుకంటే ‘ఎవ్రీవన్’ ముందు చెప్పినదాన్ని తిరిగి చెప్పే మాట కాదు. అంటే ఇది సర్వనామాల జాబితాకు అంటగట్టిన శిక్ష కాదు; తేలికైన మాటకు లోపలి చోటు, బరువైన మాటకు బయటి చోటు అన్న విశాలమైన పద్ధతికి సర్వనామం అంచున ఉన్న ఉదాహరణ.

ఆ విశాలమైన పద్ధతిని 2003లో స్టెఫాన్ గ్రీస్ కార్పస్ (వాస్తవ ప్రయోగాల సంకలనం) ఆధారంగా పరిశీలించాడు. నామవాచకం ఉన్నప్పుడు రెండు చోట్లలో దేన్ని ఎంచుకుంటారన్నది ఏ ఒక్క కారణంతోనూ తేలదని చూపించాడు. కర్మ ఎంత పొడుగు, ఎంత జటిలం, ముందు వాక్యాల్లో దాని ప్రస్తావన వచ్చిందా, క్రియాబంధం అర్థం సూటిగా ఉందా లేక జాతీయంగా స్థిరపడిందా: ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. జాన్ హాకిన్స్ మరో దిక్కు నుంచి వచ్చాడు. కలిపి అర్థం చేసుకోవాల్సిన మాటలు దూరమైతే వినేవాడి మనసుకు శ్రమ. ‘టర్న్’కీ ‘ఆఫ్’కీ నడుమ ‘ఇట్’ ఉంటే భారం లేదు. ఏడెనిమిది మాటల కర్మ దూరిస్తే భారం పెరుగుతుంది. ఈ రెండు వివరణలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు.

ఇక పేర్ల తగాదా. క్వర్క్, ఆయన సహచరులు 1985లో తెచ్చిన బృహద్వ్యాకరణం ఫ్రేజల్, ప్రిపోజిషనల్, రెండూ కలిసిన ఫ్రేజల్-ప్రిపోజిషనల్ అని మూడు తరగతులు చేసింది. మన ఉపాధ్యాయులకు పరిచయమైన విభజన ఇదే. 2002లో హడిల్‌స్టన్, పుల్లమ్ తెచ్చిన కేంబ్రిడ్జ్ వ్యాకరణం ఆ పేర్లను పక్కన పెట్టేసింది. వాళ్ల దృష్టిలో పార్టికల్ కూడా ప్రిపోజిషనే, వెనక నామం లేని ప్రిపోజిషన్. క్రియాపదం కొన్నిసార్లు కర్మ లేకుండా నిలబడగా లేనిది ప్రిపోజిషన్ నిలబడకూడదా అన్నది తర్కం. యెస్పర్సన్ 1924లోనే ఈ దిశగా ఆలోచించాడు. సిద్ధాంతంగా నాకు కేంబ్రిడ్జ్ వాదమే శుభ్రంగా కనిపిస్తుంది. తరగతి గదిలో మాత్రం క్వర్క్ విభజనే పనికొస్తుంది, ఎందుకంటే ఆ మూడు తరగతులూ సర్వనామానికి మూడు చోట్లు చూపిస్తాయి. ఈ బంధాలు మనసులో ఎలా నిలవుంటాయన్న ప్రశ్నకు 2010లో కాపెల్, ష్టిరోవ్, పుల్వర్‌ముల్లర్ మెదడు స్పందనలు కొలిచి సమాధానం వెతికారు. వాడుకలో ఉన్న ‘హీట్ అప్’కూ, లేని ‘కూల్ అప్’కూ మెదడు స్పందన వేరుగా వచ్చింది, ‘హీట్ అప్’ లాంటివి ఒకే పదంలా నిలవుంటాయనడానికి దాన్ని ఆధారంగా చూపించారు. నడుమ సర్వనామాన్ని దూరనిచ్చే బంధం ఒకే పదంగా నిలవుండటమే ఈ వ్యవస్థలోని వింత.

ఈ స్థితికి ఇంగ్లీషు ఎలా వచ్చింది? ప్రాచీన ఆంగ్లంలో అర్థం మార్చే చిన్న మాటలు చాలావరకు క్రియకు ముందు అతుక్కునేవి. ‘అండర్‌స్టాండ్’, ‘విత్‌స్టాండ్’, ‘ఫర్‌గివ్’ ఆ కాలపు శేషాలు. సంస్కృతంలో ‘హార’ శబ్దానికి ముందు ఆ, వి, సం, ప్ర, పరి చేరి ఆహారం, విహారం, సంహారం, ప్రహారం, పరిహారం అయినట్టే. ఇక్కడ రెండు భాషల ప్రయాణాలూ ఎదురెదురుగా సాగాయి. వేదభాషలో ఉపసర్గ క్రియకు దూరంగా, విడిగా కూడా ఉండగలిగేది. తర్వాతి సంస్కృతంలో క్రియ ముందు శాశ్వతంగా అతుక్కుపోయింది. ఇంగ్లీషులో ముందు అతుక్కున్న పద్ధతి క్షీణించి, చిన్న మాటలు విడివడి క్రియ వెనక్కి చేరాయి. 12వ శతాబ్దపు పీటర్‌బరో క్రానికల్ నాటికే క్రియ తర్వాత ‘అప్’ వచ్చే ప్రయోగాలు కనిపిస్తాయి. జర్మన్ రెంటికీ మధ్యలో ఆగింది. ‘నీకు ఫోన్ చేస్తాను’ అనడానికి జర్మన్లు ‘ఇష్ రూఫె డిష్ ఆన్’ అంటారు. ‘డిష్’ అంటే నిన్ను, అదీ నడుమే.

ఈ మార్పులో స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల భాష పాత్ర ఎంత అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. ‘టేక్’, ‘గెట్’ లాంటి పని ఎక్కువ చేసే క్రియలు ఆ భాష నుంచి వచ్చినవన్నది మాత్రం స్థిరం. ‘దే’, ‘దెమ్’ అనే సర్వనామాలు కూడా అక్కడివే. అంతకుముందు ఇంగ్లీషులో వాళ్లని అనడానికి ‘హెమ్’ ఉండేది. మాటల్లో ‘పికెమప్’ అని వినిపించే ఆ ‘ఎమ్’ను ‘దెమ్’కు కురచ రూపం అనుకుంటాం. నిజానికి అది పాత ‘హెమ్’ సంతానం. రాతలో ఓడిపోయిన సర్వనామం క్రియకూ పార్టికల్‌కూ నడుమ దాక్కుని ఇప్పటికీ బతికే ఉంది.

తెలుగువాళ్ల దగ్గరికి వస్తే విషయం ఇంకా ఆసక్తికరం. క్రియకు చిన్న తోడు చేర్చి అర్థానికి మెరుగులు దిద్దడం మనకు కొత్త కాదు. తిను, తినేయి, పడు, పడిపో, రాయి, రాసుకో, అను, అనేయి. వేయు, పోవు, కొను తమ సొంత అర్థాన్ని చాలావరకు వదులుకుని పని పూర్తి కావడాన్నో, చేజారడాన్నో, తనకోసం చేసుకోవడాన్నో చెబుతాయి. ‘ఈట్ అప్’లోని ‘అప్’ చేసేది ‘తినేయి’లోని ‘వేయి’ చేసేదానికి చాలా దగ్గర. ‘అప్’ అంటే పైకి, తినడంలో పైకి ఏమిటి అని పిల్లవాడు అడిగితే ఈ పోలిక చూపించాలి. గొప్ప ఆధారం మన ఇంట్లోనే ఉండగా దాన్ని వాడుకునే పాఠ్యపుస్తకం నా కంటపడలేదు. తేడా ఒక్కటే: మన జతలో నడుమ ఖాళీ లేదు. ‘దాన్ని తినేయి’ అంటాం, ‘తిని దాన్ని వేయి’ అనం. సర్వనామం ఎప్పుడూ బయటే ఉంటుంది.

దీనికి తోడు, మనం ఈ ఇంగ్లీషు జతలను అరువు తెచ్చుకున్న తీరు మరో చిక్కు తెచ్చింది. పికప్, బ్యాకప్, సెటప్, లాగిన్, చెకౌట్, ఫాలోఅప్ అన్నీ తెలుగులోకి ముద్దగా, ఒకే నామవాచకంగా వచ్చాయి. వెనక ‘చేయు’ చేర్చి వాడుకుంటాం: ‘నన్ను బస్టాండులో పికప్ చేసుకో’. వాక్యం చక్కగా ఉంది. అదే మనిషి ఇంగ్లీషులోకి మారగానే ‘పికప్’ ముద్దగానే వస్తుంది, ‘నన్ను’ దాని బయట పడుతుంది: ‘పికప్ మీ’. వినేవాడికి అర్థమవుతుంది గానీ ఇంగ్లీషు చెవికి అది విరిగిన వాక్యం. ‘ఆన్’, ‘ఆఫ్’ విషయంలో ఇంకో అడుగు వేశాం. ‘టర్న్’నీ ‘స్విచ్’నీ వదిలేసి పార్టికల్‌ను మాత్రమే తీసుకున్నాం: ఫ్యాన్ ఆఫ్ చెయ్, లైటు ఆన్ చెయ్. మన వాక్యంలో బరువు మోస్తున్నది ‘ఆఫ్’ కాబట్టి అదే క్రియ అనిపిస్తుంది. అందుకే మన ఇంగ్లీషులో ‘ఆఫ్ ఇట్’ అన్నది అంత సహజంగా వచ్చేస్తుంది. ఇది బద్ధకం వల్ల వచ్చిన తప్పు కాదు. తెలుగు వ్యాకరణం తన పని తాను కచ్చితంగా చేసుకుపోయిన ఫలితం. కారణం చెప్పకుండా ఎర్రసిరాతో కొట్టేస్తే విద్యార్థికి ఏమీ అందదు.

ప్రిపోజిషన్ల దగ్గర కథ వేరు. డుమువులతో మొదలుపెట్టి విభక్తులు వల్లించిన మనకు నామం వెనక ప్రత్యయం వస్తుంది. ఇంగ్లీషులో నామం ముందు ప్రిపోజిషన్ వస్తుంది. ఈ ముందువెనకలు పిల్లలకు త్వరగానే అలవాటవుతాయి. చిక్కు ఏ క్రియకు ఏది అన్న దగ్గర. కొన్ని అచ్చుగుద్దినట్టు సరిపోతాయి: ‘డిపెండ్ ఆన్ హిమ్’, అతని మీద ఆధారపడు, ‘వెయిట్ ఫర్ హిమ్’, అతని కోసం ఎదురుచూడు. ఈ సరిపోలికల మీద ధైర్యం పెరిగి మిగతావీ అలాగే కడతాం. నా మీద కోపం గనక ‘యాంగ్రీ ఆన్ మీ’. అతనితో పెళ్లి గనక ‘మ్యారీడ్ విత్ హిమ్’. దాని గురించి చర్చ గనక ‘డిస్కస్ అబౌట్ ఇట్’. ఈ మూడోదానిలో నేరమంతా తెలుగుది కాదు. ఇంగ్లీషులోనే ‘డిస్కషన్’ అనే నామానికి ‘అబౌట్’ కుదురుతుంది, ‘డిస్కస్’ అనే క్రియకు కుదరదు. ఇతర భారతీయ భాషలవాళ్లూ ఇదే అంటారు. 1979లో నిహలానీ, టంగ్, హోసాలీ భారతీయ, బ్రిటిష్ ప్రయోగాలను పోల్చి ఒక కరదీపిక కూర్చడానికి కారణం ఇలాంటి వాడుక దేశమంతటా వేళ్లూనుకోవడమే. ఇంట్లో, వీధిలో ‘డిస్కస్ అబౌట్’ అంటే వచ్చే నష్టమేమీ లేదని నా అభిప్రాయం. దాని గురించి గంటలు ఖర్చుచేసే బదులు ‘పికప్ మీ’ని సరిదిద్దడం మేలు, మొదటిది ఒక్క క్రియకు చెందిన అలవాటు, రెండోది వందల క్రియలకు వర్తించే నిర్మాణం.

‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ కూడా ఆ నిర్మాణపు వర్గంలోదే. ‘గివ్ మీ ది బుక్’ ఒప్పయినప్పుడు ‘ఎక్స్‌ప్లెయిన్ మీ ది లెసన్’ ఎందుకు తప్పు? తెలుగులో రెండూ ‘నాకు’తోనే వస్తాయి కదా. ఫ్రెంచి, లాటిన్ మూలాలున్న క్రియల్లో చాలావాటికి ఇంగ్లీషు రెండు కర్మల దారి మూసేసింది. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘డొనేట్’, ‘డిస్క్రైబ్’ తర్వాత మనిషి ముందు ‘టు’ రావాలి. ‘ప్రామిస్’, ‘ఆఫర్’ లాంటివి ఆ మూలాలతోనే వచ్చినా దారి తెరిచే ఉంచుకున్నాయి, కాబట్టి మూలం చూసి తీర్పు చెప్పలేం. రెండు దారులూ ఉన్న క్రియలతో ఎవరు ఏది ఎంచుకుంటారన్నది జోన్ బ్రెస్నన్ బృందం 2007లో 2,360 టెలిఫోన్ సంభాషణ వాక్యాలతో పరీక్షించి, వందకు 94 సార్లు ముందే ఊహించగలిగే నమూనా తయారుచేసింది. అందులో పనిచేసిన ముఖ్య కారణాల్లో ఒకటి సర్వనామమే. సర్వనామమైతే ముందుకు, పొడవైన నామమైతే వెనక్కు. ‘గివ్ మీ ది బుక్’, కానీ ‘గివ్ ఇట్ టు ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే’. ‘టర్న్ ఇట్ ఆఫ్’లో కనిపించిన ప్రవృత్తే ఇక్కడా కనిపిస్తోంది. రెండు వేర్వేరు పాఠాలుగా చెప్పేవి నిజానికి ఒకే పాఠం.

వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదన్న నిషేధం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 1672లో డ్రైడెన్ బెన్ జాన్సన్ రచనలో దాన్ని తప్పుపట్టాడు, తర్వాత తన రచనల్లోనూ సవరించుకున్నాడు. 1762లో లౌత్ అది ఇంగ్లీషు స్వభావంలోనే ఉందని ఒప్పుకుంటూ, గంభీరమైన రచనలో వద్దన్నాడు. నేటి వ్యాకరణాలు దాన్ని నియమంగా గుర్తించవు. ‘బిట్వీన్ యు అండ్ ఐ’ కూడా అలాంటిదే. తప్పని పాఠాలు చెబుతాయి, ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో ఆంటోనియో ఉత్తరంలో అదే ఉంది. పరీక్షలో మాత్రం ‘మీ’ రాయాలి.

ప్రిపోజిషన్ తర్వాత ‘హిమ్’ రావాలా ‘హిమ్‌సెల్ఫ్’ రావాలా అన్నది ఇంతకంటే లోతైన ప్రశ్న. ‘హి లాఫ్డ్ ఎట్ హిమ్’ అంటే నవ్వింది ఇంకొకర్ని చూసే. ‘హి లుక్డ్ అరౌండ్ హిమ్’ అంటే తన చుట్టూ తానే చూసుకుని ఉండవచ్చు. రైన్‌హార్ట్, రాయ్‌లాండ్ 1993లో ఇచ్చిన వివరణ సారం ఇది: క్రియ తనకు భాగస్వామిగా తెచ్చుకున్న ప్రిపోజిషన్ వెనక ‘సెల్ఫ్’ లేకపోతే సర్వనామం మరొకరిని సూచిస్తుంది; చోటు చెప్పడానికి స్వతంత్రంగా వచ్చిన ప్రిపోజిషన్ వెనక ఆ నిర్బంధం లేదు. తెలుగులో ‘తన చుట్టూ’, ‘అతని చుట్టూ’ అని వేరు చేసుకునే సౌకర్యం ఉంది కాబట్టి, ఇంగ్లీషు కథలు అనువదించేవాళ్లు ఇక్కడ ప్రతిసారీ ఆగి ‘హిమ్’ ఎవరో తేల్చుకోవాలి.

నేర్చుకునేవాళ్ల మీద జరిగిన పరిశోధన ఏం చెబుతోంది? 1985లో డాగట్, లాఫర్ హీబ్రూ మాతృభాషగా ఉన్న విద్యార్థులు ఫ్రేజల్ వెర్బులను తప్పించుకుని ఒంటి క్రియలు వాడటం గమనించారు. హీబ్రూలో ఇలాంటివి లేకపోవడమే కారణమన్నారు. 1989లో హుల్‌స్టైన్, మార్చెనా డచ్ విద్యార్థులను చూశారు. డచ్‌లో ఇవి ఉన్నా, జాతీయంగా మారిన వాటి దగ్గర వాళ్లూ జంకారు. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాల్సిన చోట ‘పోస్ట్‌పోన్ ఇట్’ అనే తెలుగు ఉద్యోగి చేసేదీ ఇదే. ‘పోస్ట్‌పోన్’తో సర్వనామం చోటు వెతకాల్సిన పని లేదు.

భయానికి తగినంత కారణం లేదని అంకెలు చెబుతున్నాయి. గార్డ్‌నర్, డేవీస్ 2007లో పది కోట్ల పదాల బ్రిటిష్ నేషనల్ కార్పస్‌ను పరిశీలిస్తే, 20 క్రియలూ 8 పార్టికల్స్ కలిసిన 160 జతలే మొత్తం ఫ్రేజల్ వెర్బ్ ప్రయోగాల్లో సగానికి పైగా ఉన్నాయి. 2015లో గార్నియర్, ష్మిట్ 150 జతలకు తరచుగా వచ్చే 288 అర్థాలు ఏరి ఇచ్చారు. మన గైడ్లలోని పట్టికలు ఏ తరచుదనాన్నీ లెక్కలోకి తీసుకోకుండా అరుదైనవాటినీ రోజూ వచ్చేవాటినీ ఒకే వరుసలో నిలబెడతాయి.

అయితే చిన్న జాబితా కూడా జాబితాయే. నేనైతే తరగతిలో నామవాచకంతో వాక్యం ఇచ్చి, దాన్ని సర్వనామంతో తిరిగి చెప్పించడంతో మొదలుపెట్టమంటాను. ‘లుక్ ఓవర్ ది వాల్’, ‘లుక్ ఓవర్ ది రిపోర్ట్’. గోడ మీదుగా తొంగిచూసినవాడు ‘లుక్ ఓవర్ ఇట్’ అనాలి, నివేదిక పరిశీలించినవాడు ‘లుక్ ఇట్ ఓవర్’ అనాలి. ఇలాంటివి పది జతలు నోటికి అలవాటయ్యాక మూడు మాటల బంధాలు ఇవ్వవచ్చు. ‘పుట్ అప్ విత్ ఇట్’లో ‘విత్’ ప్రిపోజిషన్ కాబట్టి ‘ఇట్’ చివరికి వెళ్తుంది. చివరగా సర్వనామాలు రెండున్న వాక్యం: ‘పుట్ హిమ్ అప్ టు ఇట్’, అతన్ని ఆ పనికి ఉసిగొల్పడం. ‘హిమ్’ పార్టికల్‌కు ముందు, ‘ఇట్’ ప్రిపోజిషన్ తర్వాత. ‘టేక్ ఇట్ అవుట్ ఆన్ దెమ్’, ఆ కోపం వాళ్ల మీద తీర్చుకోవడం, అదే కొలతలో వస్తుంది. వీటిని విద్యార్థి అర్థం చూడకముందే సరిగ్గా కట్టగలిగితే, అర్థం చెప్పడానికి నిఘంటువు చాలు.